ఐదో ఇంటూ గుర్తు

మొదట దిగే ఐదుగురి పేర్లు ప్రేమలత టీచర్ ఎప్పుడూ నోటితో చెప్పదు. మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం పదకొండు జెర్సీలు తానే ఉతికి, డార్మిటరీ వెనక కట్టిన ఇనుప తీగ మీద ఆరేస్తుంది. తలుపు దగ్గరి కొసన ఐదు, కాస్త ఎడం వదిలి ఆరు. తలుపు వైపున్న ఐదుగురు రేపు ఆట మొదలుపెడతారు, అవతలి ఆరుగురు బెంచీ మీద కూర్చుంటారు. పిల్లలు స్నానాలకు పోతూ పోతూ తీగ వైపు ఒక చూపు చూసి పోతారు. ఏడుపొచ్చిన పిల్ల స్నానాల గదిలో, నీళ్ళ చప్పుడులో ఏడ్చుకుంటుంది. టీచర్‌కు ఆ సంగతి తెలుసు. అందుకే ఆ గంటసేపు మోటారు ఆపొద్దని వాచ్‌మన్‌కు చెప్పి పెట్టింది.

ఆమెకు నలభై మూడేళ్ళు. గద్వాలలోని ఆడపిల్లల గురుకులంలో కాంట్రాక్టు పీఈటీగా పన్నెండేళ్ళ నుంచి చేస్తోంది. పుట్టింది రాజోలి దగ్గర, కూలి చేసుకునే ఇంట్లో. చదువుకునే రోజుల్లో జిల్లా బాస్కెట్‌బాల్ జట్టుతో నాలుగు టోర్నమెంట్లకు పోయింది. అందులో మూడింటిలో ఒంటి మీది ట్రాక్ సూట్ జిప్పు కూడా కిందికి దించలేదు. అప్పటి కోచ్ ఐదుగురి పేర్లూ అందరి ముందూ గట్టిగా చదివేవాడు. ఐదో పేరు దాకా ఊపిరి బిగబట్టుకొని, ఆ తర్వాత బూటు లేసు సరిచేసుకుంటున్నట్టు వంగి మొహం దాచుకోవడం ఆమెకు బాగా అలవాటైన పని. జెర్సీల తీగ అక్కడి నుంచి వచ్చింది.

ఈ ఏడు దసరా సెలవులకు ఒక్క రోజు ముందు వనపర్తిలో జోనల్ ఆటలు పెట్టారు. ముందురోజు తీగ మీద మొట్టమొదట ఆరేసిన జెర్సీ ఏడో నంబరు, సుమనది. ఆ పిల్ల విషయంలో టీచర్ ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేకపోయింది. పొడవు లేదు, బలం అంతంతే. కానీ బంతి చేతికొస్తే మిగతా నలుగురు ఎక్కడున్నారో వెనక్కి చూడకుండానే తెలుస్తుంది. పన్నెండేళ్ళలో అలాంటి పిల్ల ఇంకొకతె రాలేదు.

సుమన పదో తరగతి. మల్దకల్ వైపు ఊరు. ఈ ఆటల్లో ఉమ్మడి జిల్లా జట్టుకు పేరొస్తే, హైదరాబాదులో స్పోర్ట్స్ హాస్టల్‌కు పంపే జాబితాలో చేరుతుంది. అక్కడే ఇంటర్. పేరు రాకపోతే పది పరీక్షలతో చదువు ఆగిపోతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. తల్లి భీమమ్మ టీచర్ మొహం మీదే చెప్పింది, కోపంతో కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. భర్త పుణెలో కట్టడాల పనికి పోయాడు. ఆమె ఎకరం కౌలుకు పట్టి, విత్తనాల కంపెనీకిచ్చే సీడు పత్తి వేసింది. ఆమె వేళ్ళు తిమ్మిరెక్కిపోయి, మొగ్గ పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియడం లేదు. సెలవు దొరికినప్పుడల్లా ఇంటికి పోయే సుమన చేతుల మీదే ఆ ఎకరం నడుస్తోంది.

సీడు పత్తిలో క్రాసింగ్ అంటే వేళ్ళ పని. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకొని, అడుగున కుడిచేతి బొటనవేలి గోరుతో చుట్టూ గాటు పెట్టి, మెలితిప్పి, రేకులనూ పుప్పొడి గొట్టాన్నీ ఒకేసారి ఊడబెరకాలి. లోపలి సన్నటి కాడ మాత్రం చెక్కు చెదరకూడదు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి ఆ కాడకు రాయాలి. బ్లేడు పెడితే కాడ తెగుతుంది. గోరు లేని వేలితో చేస్తే మొగ్గ నలుగుతుంది. అందుకే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ ఊళ్ళలో ఆడపిల్లలు బొటనవేలి గోరు తీయరు. అది గట్టిపడి, కొస కాస్త వంగి, ఆకుపసరు పట్టి నల్లగా ఉంటుంది. ప్రేమలత కూడా ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆ పని చేసింది. ఇప్పటికీ ఆమె కుడి బొటనవేలి గోరు మిగతా వాటికన్నా మందంగా, గీతలు గీతలుగా పెరుగుతుంది. వారం వారం తీసేస్తుంది.

సుమనను ఆటలకు పంపమని అడగడానికి ఆమె పది రోజుల ముందు ఒక ఆదివారం స్కూటీ మీద ఆ చేను దగ్గరికి పోయింది. భీమమ్మ సాలు మధ్యలో నిలబడే విన్నది. వనపర్తికి ఒక్క దినమేనా అని అడిగింది. ఒక్క దినమే అని టీచర్ చెప్పింది.

"పోనీ టీచరమ్మ, ఆడనీ. నేనెప్పుడన్న వద్దన్ననా?" అన్నది భీమమ్మ. "గని ఆ గోరు మాత్రం తీపియ్యకున్రి. సెలవులల్ల పదిహేను దినాలు దాని చెయ్యే నాకు దిక్కు. ఇప్పుడు తీస్తే మల్ల పెరిగేసరికి పూత ఐపోతది."

"తీయనియ్య. నాది జిమ్మేదారి" అన్నది ప్రేమలత.

అబద్ధం ఆడాలని అనలేదు. పన్నెండేళ్ళలో మండలంలో గానీ జోన్‌లో గానీ ఏ రిఫరీ గోళ్ళు చూడలేదు. కమ్మలు తీయమంటారు, గాజులు తీయమంటారు, జడ పిన్నులు తీయమంటారు. గోళ్ళ రూలు పుస్తకంలో ఉన్నదని ఆమెకు తెలుసు, అది పుస్తకంలోనే ఉంటుందని కూడా తెలుసు. సుమన ఆ గోరుతోనే రెండు నెలలుగా సాధన చేస్తోంది. బంతి పట్టేటప్పుడు బొటనవేలిని కొద్దిగా ఎడంగా పెట్టడం తనంతట తానే నేర్చుకుంది.

వనపర్తిలో దిగి, పిల్లలకు ఉప్మా పెట్టించేసరికి పీఈటీలందరినీ టెంటు కిందికి పిలిచారు. సెలెక్టర్లు ఇద్దరే వచ్చారు. ఇద్దరిలో పెద్ద హన్మంతు సార్. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు. మగపిల్లల మ్యాచ్‌లు అవతలి గ్రౌండులో ఉన్నాయి, అవీ తామే చూడాలి, కాబట్టి ఒక్కో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ పది నిమిషాలే చూసి నంబర్లు రాసుకుంటాం అన్నాడు.

"మీ మంచోళ్ళను ముందే దింపుకోన్రి" అని కూడా అన్నాడు. "మా పిల్లను చూడలేదని మల్ల నా మీద పడొద్దు."

ఆ తర్వాత రిఫరీ ఉదయ్ కిరణ్ లేచాడు. నాగర్‌కర్నూల్ కుర్రవాడు, ఈ ఏడే రిఫరీ పరీక్ష పాసయ్యాడట. ఆట మొదలయ్యే ముందు రెండు జట్ల ఐదుగురినీ లైన్లో నిలబెట్టి కమ్మలు, ఉంగరాలు, దారాలు, గోళ్ళు చూస్తానన్నాడు. గోళ్ళు వేలి కొస దాటి ఉంటే దింపనన్నాడు. వెనక కూర్చున్న ఎవరో, పౌడరు గూడ చూస్తవా సారూ అన్నారు. అందరూ నవ్వారు. ఉదయ్ కిరణ్ కూడా నవ్వాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ప్రేమలత నవ్వలేదు. మీటింగు అయ్యాక అతని వెనకే నడిచింది. తన దగ్గర ఒక పిల్ల ఉందని, సీడు పత్తి ఇంటి పిల్ల అని, గోరు తీస్తే ఇంటి దగ్గర పని ఆగిపోతుందని చెప్పింది. ఏ నంబరో చెప్పలేదు. ఉదయ్ కిరణ్ ఓపికగానే విన్నాడు. అతని మేనత్త వాళ్ళు కూడా ఒకప్పుడు సీడు పత్తి వేసేవారట, ఆ గోరు ఎలా ఉంటుందో తనకు తెలుసన్నాడు. తెలుసు కాబట్టే ఒప్పుకోనన్నాడు.

"ప్లాస్టర్ చుడతా" అన్నది ప్రేమలత.

"కట్టు కింద ఉన్నా గోరు గోరే గద, మేడం. అవతలి పిల్లకు కంట్ల తాకితే ఎవరిది జిమ్మేదారి? మీదా, నాదా?"

అయినా వేపచెట్టు వెనక సుమన వేలికి తెల్ల ప్లాస్టర్ చుట్టి బంతి వేయించి చూసింది. ఐదు వేస్తే నాలుగు రింగుకు తగిలి బయట పడ్డాయి. వేలికి బంతి తెలుస్తలేదు టీచర్ అన్నది సుమన. ప్లాస్టర్ విప్పేశారు.

ఇక మిగిలింది హన్మంతు సార్. రెండో క్వార్టర్లో కూడా ఒక ఐదు నిమిషాలు కూర్చోమని ఆమె అడిగింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, తల్లీ, నీకు ఐదు నిమిషాలిస్తే ఇంకో ముగ్గురు వచ్చి తలా ఐదు నిమిషాలు అడుగుతారు అన్నాడు. ఆయన గొంతులో విసుగు లేదు. అంత మంచి పిల్లయితే మొదలే దింపడానికి నీకేం అడ్డమొచ్చింది అని తిరిగి అడిగాడు. అడ్డమొచ్చింది చెబితే ఆ పిల్ల ఏ నంబరో టెంటు దాటి రిఫరీ చెవిన పడుతుంది. ఆమె ఏం లేదు సార్ అని వచ్చేసింది.

మ్యాచ్‌కు అరగంట ఉంది. ప్రేమలత సుమనను పక్కకు పిలిచి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఫస్ట్ ఎయిడ్ సంచిలో నెయిల్ కట్టర్ ఉంది. అది ఎందుకు చేతిలోకి తీసుకుందో ఆమెకే తెలియదు. సుమన దాన్ని చూసింది. తర్వాత తన వేలు చూసుకుంది.

"మీరు చెప్పున్రి టీచర్. తీయమంటే తీస్త" అన్నది.

ఆ పిల్ల మొండికేసినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. అలా చెయ్యి ముందుకు చాపి, ఆ గోరు ఎవరిదో అయినట్టు నిలబడింది. ప్రేమలత ఆ వేలు పట్టుకుంది. కట్టర్ గోరు కింద పెట్టడం, నొక్కడం. రెండు క్షణాల పని. ఆ తర్వాత? పదిహేను రోజులు చేనులో మొగ్గలు విచ్చుకొని రాలిపోతుంటాయి. ఎకరం సగం పోతుంది. భీమమ్మ తిట్టదు, కొట్టదు. సెలవులయ్యాక పిల్లను వెనక్కి పంపదు, అంతే. టీచర్ మాటిచ్చి గోరు తీయించిందన్న మాట ఆ వీధిలో నిలబడిపోతుంది. ఆ వీధిలో ఇంకా నలుగురు పిల్లలు గురుకులంలో ఉన్నారు. బడికే రాని పిల్లకు స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు ఎందుకు?

తీయకపోతే సెలెక్టర్లు ఆ పిల్లను చూడరు. చూడకపోతే సీటు లేదు.

"ఉండనీ" అని వేలు వదిలింది. వదిలాక కూడా, తప్పు మాట చెప్పానేమో అని పిల్ల మొహం చూసింది. సుమన తల ఊపింది. ఆ తల ఊపడంలో సంతోషం ఉందో బాధ ఉందో టీచర్‌కు అంతు పట్టలేదు.

అప్పుడే ఆమెకొక ఉపాయం తోచింది. రిఫరీ చూసేది లైన్లో నిలబడ్డ ఐదుగురినే. మధ్యలో బెంచీ నుంచి దిగే పిల్ల గోళ్ళు చూస్తాననలేదు. మొదటి క్వార్టర్లోనే, సెలెక్టర్లు లేవకముందే, నాలుగు నిమిషాలుండగా సుమనను దింపితే? నాలుగు నిమిషాలు చాలు. ఆ పిల్లను నాలుగు నిమిషాలు చూసినవాడు మరిచిపోడు. ఇది దొంగతనమని ఆమెకు తెలుసు. కంట్లో తాకితే అన్న మాట చెవిలోంచి ఇంకా పోలేదు. ఏమీ కాదు, నాలుగు నిమిషాలే గదా అని తనకు తాను చెప్పుకుంది.

ఆటకు పది నిమిషాల ముందు స్కోరు షీటు తెచ్చి ఇచ్చారు. మొదట దిగే ఐదుగురి నంబర్ల పక్కన కోచ్ చిన్న ఇంటూ గుర్తులు పెట్టి సంతకం చేయాలి. నాలుగు గుర్తులు చకచకా పెట్టింది. ఐదోది పెట్టబోయేసరికి పెన్ను ఏడుకూ తొమ్మిదికీ మధ్య ఆగింది. టేబుల్ దగ్గరి ఆమె, కానీయండి మేడం అన్నది. తొమ్మిది పక్కన పెట్టింది.

తొమ్మిదో నంబరు వర్షది. పొడుగ్గా ఉంటుంది, నెమ్మదస్తురాలు, బంతి వచ్చిందంటే ఎవరికో ఒకరికి తొందరగా అప్పజెప్పేయాలని చూస్తుంది. నువ్వు దిగాలి అని చెప్పగానే బిత్తరపోయింది.

"నేనా టీచర్? నిన్న తీగ మీద నాది ఆ కొసకుండె గద."

జెర్సీల తీగ మాట తప్పడం అదే మొదటిసారి. సుమన వర్ష వీపు మీద చరిచి, పో, నేనొచ్చేదాకా నిలబెట్టు అన్నది.

ఉదయ్ కిరణ్ లైన్లో ఐదుగురి చేతులూ తిప్పి తిప్పి చూశాడు. ఒక పిల్ల ముక్కుపుడక తీయించాడు. బెంచీ వైపు చూడలేదు. సుమన కుడి బొటనవేలిని పిడికిట్లో దాచుకొని కూర్చుంది.

ఆట మొదలైంది. అవతలిది నాగర్‌కర్నూల్ వైపు బడి, పొడుగు పిల్లలు. ఎండ అప్పటికే సిమెంటు కోర్టు మీద మండుతోంది. మొదటి ఆరు నిమిషాల్లో విజిల్ ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. బంతి గీత దాటింది, ఎవరో ఎవరి చెయ్యో కొట్టారు, ఎవరో బంతి పట్టుకొని నడిచారు. హన్మంతు సార్ గొడుగు కింద కూర్చొని నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. నాలుగు నిమిషాలుండగా ప్రేమలత సుమనను స్కోరు టేబుల్ దగ్గరికి పంపింది. ఆట ఆగితేనే మనిషిని మార్చనిస్తారు. సుమన టేబుల్ పక్కనున్న కుర్చీ అంచున, ఒక కాలు ముందుకు పెట్టి కూర్చుంది.

ఇక ఆట ఆగలేదు.

అప్పటిదాకా నిమిషానికి మూడుసార్లు మోగిన విజిల్ మూగబోయింది. బంతి ఈ రింగు నుంచి ఆ రింగుకు, ఆ రింగు నుంచి ఈ రింగుకు పోతోంది. గీత దాకా దొర్లి, గీత మీద ఎవరో పట్టుకుంటున్నారు. ఇంత శుభ్రంగా తన పిల్లలు ఎప్పుడూ ఆడలేదు. మూడు నిమిషాలు. రెండున్నర. సుమన ఒకసారి వెనక్కి తిరిగి టీచర్‌ను చూసింది. ప్రేమలత దేవుడిని తలుచుకుంది, ఒక తప్పు జరిపించమని, తన పిల్లలతోనే జరిపించమని. కోచ్‌గా ఆమె ఎన్నడూ అనని మాట నోటికొచ్చింది.

"వర్షా, బయటికి కొట్టు" అని అరిచింది.

వర్షకు అర్థం కాలేదు. బంతి చేతిలో ఉంది, ఎదురుగా ఎవరూ లేరు. బయటి నుంచే వెయ్యమంటున్నారనుకుంది. దూరం నుంచే రింగు వైపు విసిరింది. ఆ పిల్ల ఏడాదిలో అంత దూరం నుంచి ఒక్కటి కూడా వేసి ఉండదు. బంతి బోర్డుకు కొట్టుకొని వలలోంచి జారింది. హన్మంతు సార్ కళ్ళద్దాలు సరిచేసుకొని తొమ్మిదో నంబరును చూశాడు. రాసుకున్నాడు.

విజిల్ మోగేసరికి యాభై సెకన్లు మిగిలాయి. సుమన లోపలికి పరుగెత్తింది. ఉదయ్ కిరణ్ చెయ్యి ఊపి రమ్మన్నాడు, అంతే, చూడలేదు. యాభై సెకన్లలో బంతి ఆమె చేతికి ఒక్కసారి వచ్చింది. ఇద్దరి మధ్య నుంచి దూరి, ముగ్గురు మీదికి రాగానే చూడకుండా వెనక్కి ఇచ్చింది. బంతి అందుకున్న పిల్లకు ఎదురే లేదు. వేసింది, రింగు మీద తిరిగి తిరిగి బయట పడింది. బజర్ మోగింది. సెలెక్టర్లు కుర్చీల్లోంచి లేచారు. లేస్తూ హన్మంతు సార్ ఏదో రాశాడు. ఏం రాశాడో అంత దూరం నుంచి ప్రేమలతకు కనబడలేదు. ఆయన మోకాలు పట్టుకొని మెల్లగా మగపిల్లల గ్రౌండు వైపు నడిచిపోవడం మాత్రం కనిపించింది.

రెండో క్వార్టర్లో సుమన ఆడిన ఆట గురించి ఆ తర్వాత పిల్లలు చాలా రోజులు చెప్పుకున్నారు. పదకొండు పాయింట్లు వేసింది. వేయించినవి వేరే. అవతలి జట్టు కోచ్ ఇద్దరు పిల్లలను ఆమె మీదే కాపలా పెట్టింది. గొడుగు కింద రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ప్రేమలత ఆట చూడాల్సింది పోయి మాటిమాటికీ ఆ కుర్చీలను చూసింది. ఇప్పుడు లేచి పోయి ఆ పెద్దమనిషి చెయ్యి పట్టుకొని లాక్కొస్తే? లేవలేదు.

క్వార్టర్ ముగుస్తుందనగా రింగు కింద బంతి కోసం నలుగురు ఎగిరారు. అవతలి పన్నెండో నంబరు పిల్ల మొహం పట్టుకొని కింద కూర్చుంది. చెయ్యి తీస్తే, కంటి కింది నుంచి దవడ దాకా సన్నటి ఎర్రగీత. కంటికి రెండు వేళ్ళ దూరం.

ఉదయ్ కిరణ్ సుమనను చేతులు చూపమన్నాడు. ఎడమ చెయ్యి చూపింది. రెండోది అన్నాడు. చూపింది. అతను ఆ గోరును చూసి, బెంచీ దగ్గరికి నడిచొచ్చాడు.

"పొద్దుగాల అడిగింది ఈ పిల్ల గురించేనా, మేడం?"

"అవును."

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. గోరు తీసి పంపండి, లేకపోతే కూర్చోబెట్టండి అని చెప్పి వెనక్కి పోయాడు. సుమన ముందు ఆ పన్నెండో నంబరు పిల్ల దగ్గరికి పోయి, తన తువ్వాలు తడిపి ఇచ్చి, తర్వాత బెంచీకి వచ్చింది. ప్రేమలత సంచిలో చెయ్యి పెట్టి కట్టర్ పట్టుకుంది. బయటికి తీయాలో వద్దో తెలియక అలాగే పట్టుకుంది.

"ఇప్పుడు తీసినా ఎవరు చూస్తరు, టీచర్" అన్నది సుమన. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నది. బొటనవేలు మళ్ళీ పిడికిట్లో పెట్టుకొని, మిగతా రెండు క్వార్టర్లూ అక్కడి నుంచే వర్షకు ఎటు పోవాలో చెబుతూ కూర్చుంది. ఐదు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మైకులో పన్నెండు పేర్లు చదివారు. వీళ్ళ బడి నుంచి ఒకటే పేరు వచ్చింది. వర్ష. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది సుమనే. వర్ష మాత్రం టీచర్ చెయ్యి పట్టుకొని, తప్పు చదివిన్రు టీచర్, పోయి చెప్పున్రి అని ఒకటే గొడవ. ప్రేమలత పోయింది. హన్మంతు సార్ నోటుబుక్కు తెరిచి చూపించాడు. ఏడో నంబరు ఎదురుగా ఒక ప్రశ్న గుర్తు ఉంది, అంతే.

"ఏదో ఉన్నదనిపించింది గని, నిమిషంల ఏం చూడాలె? పేర్లు పంపినం. వచ్చేసారైన మొదలే దింపు" అన్నాడాయన.

వచ్చేసారి సుమన బడిలో ఉండదని ఆమె చెప్పలేదు. చెప్పినా ఆయన చేతిలో ఏముంది? పేర్లు పోయాయి. ఆయనకు కూడా పాపం అనిపించినట్టుంది, టీ తాగిపో అన్నాడు. తాగింది.

తిరుగు బస్సులో పిల్లలు బీచుపల్లి వంతెన దాకా పాటలు పాడి, తర్వాత నిద్రపోయారు. సుమన వర్ష భుజం మీద తల పెట్టుకొని పడుకుంది.

మరుసటి రోజు సెలవులు. భీమమ్మ చేను వదిలి రాలేదు కాబట్టి, సాయంత్రం ప్రేమలతే సుమనను స్కూటీ మీద ఎక్కించుకొని పోయింది. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంది. పిల్ల బాగా ఆడింది, నాదే తప్పు, ఇంటర్‌కు వేరే ఏదైనా హాస్టల్ చూస్తాను, ఒక్క ఏడు ఓపిక పట్టు. స్కూటీ ఆపేసరికి భీమమ్మ సాలులోంచి తల ఎత్తింది. దగ్గరికొచ్చి, కూతురి మొహం చూడకముందే కుడి చెయ్యి పట్టుకొని బొటనవేలు పైకెత్తి, వెలుతురుకు పెట్టి చూసింది. గోరు ఉన్నది. నల్లగా, కొస వంగి, పోయేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్నది.

భీమమ్మ మొహం విచ్చుకుంది.

"మాట నిలబెట్టినవ్ టీచరమ్మ. తీస్తరేమోనని రాత్రి నిద్ర పట్టలే నాకు. మీ బడోళ్ళ మీద నాకింత నమ్మకం లేకుండె" అన్నది. "మల్ల ఆటలుంటే గూడ తోలుకపో. నేను అడ్డం చెప్ప."

కూర్చుకున్న మాటల్లో ఏది ముందో ప్రేమలతకు గుర్తు రాలేదు. సుమన అప్పటికే చెప్పులు గట్టు మీద వదిలి, నడుముకు గుడ్డ కట్టుకొని సాలులోకి దిగింది. ఎండ తగ్గుతోంది, చీకటి పడేలోగా ఆ రెండు సాళ్ళూ కావాలి. ఆ పిల్ల వేళ్ళు మొగ్గ నుంచి మొగ్గకు చూడకుండానే పోతున్నాయి. పట్టుకోవడం, గాటు, ఒక మెలిక, కింద పడిన రేకులు.

ఊరికే నిలబడటం బాగుండక ప్రేమలత కూడా పక్క సాలులోకి దిగింది. చిన్నప్పటి పని, చెయ్యి మరిచిపోదనుకుంది. మొగ్గ పట్టుకొని బొటనవేలు నొక్కింది. పొద్దున్నే తీసేసిన గోరు. వేలి కండ మొగ్గ మీద జారింది, గట్టిగా నొక్కేసరికి రేకులతో పాటు లోపలి కాడ కూడా తెగి వచ్చింది. భీమమ్మ అటు తిరిగి ఏదో చెబుతోంది, ఉప్పుడుబియ్యం, పల్లీలు కట్టిస్తాను తీసుకుపో అంటోంది. ప్రేమలత తెగిన మొగ్గను కింద పడేయకుండా గుప్పిట్లో మూసుకొని, ట్రాక్ సూట్ జేబులో వేసుకుంది.